గండికోటలో వంగపండు పువ్వు

వినాయక చవితి నాడు ఇంటింటా దాని పేరు చదువుతారు. బాలింతకు పోసే దశమూలారిష్టంలో అది ఉంటుంది. కానీ ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్లు ఎందరు? ఆ మొక్కను వెతుక్కుంటూ ఓ జేజి, ఇద్దరు మనవలు, ఒక రిటైర్డ్ మాస్టారు గండికోట ఎక్కారు...

ఫిబ్రవరి నెల. ఉదయం ఏడున్నర. గండికోట ఊళ్లో కారు ఆగడం ఆలస్యం, తలుపులు తెరుచుకుని పిల్లా పెద్దా అంతా లోయ వైపు పరుగు. జుమ్మా మసీదు దాటి, ధాన్యాగారం దాటి, రంగనాథాలయం పక్కగా బండలెక్కితే... అదిగో, ఎర్రటి రాతి గోడల మధ్య ఎక్కడో అడుగున పెన్న! ఫోన్లు పైకి లేస్తాయి. నవ్వులు, కేకలు, ఫొటోలు. అరగంటలో సగం మంది వెనక్కి తిరుగుతారు.

ఆ ఉదయం ఒక్క కుర్రాడు మాత్రం లోయ వైపు చూడలేదు. తలొంచుకుని నేల వెతుకుతున్నాడు. వాడి వెనకాల ఎనిమిదేళ్ల చెల్లెలు. ఆ వెనకాల మెడలో చిన్న భూతద్దం వేలాడదీసుకున్న ఓ పెద్దాయన. అందరికంటే చివర, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, తొందర లేకుండా ఓ ముసలామె. పోయేవాళ్లు ఆగి అడిగారు కూడా... ఏమైనా పడిపోయిందా అని!

పడిపోయిన మాట నిజమే. అయితే అది ఉంగరమో గొలుసో కాదు, పేరు. ఒక మొక్క పేరు.

పుస్తకానికో ఆకు

కథ కిందటి వినాయక చవితి నాడు ప్రొద్దుటూరులో మొదలైంది. తండ్రి వ్రతకల్పం చదువుతున్నాడు. ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ. మాచీ పత్రం తర్వాత వచ్చేది బృహతీ పత్రం. కొడుకు ఇంటర్మీడియట్ బైపీసీ. బజారు నుంచి తెచ్చిన పత్రి కట్ట విప్పి మారేడు, మామిడి, గరిక, ఉత్తరేణి, జిల్లేడు ఒక్కొక్కటీ తీసి పెట్టాడు. బృహతి దగ్గర ఆగిపోయాడు. అదెలా ఉంటుంది?

పుస్తకం వెనకాల తెలుగు పేర్లు ఉన్నాయి. అందులో 'నేలమునగ' అని ఉంది. కట్టలో మునగ రెమ్మ ఒకటి ఉండనే ఉంది. సమస్య తీరిపోయింది! కానీ పక్కింటి పుస్తకంలో చూస్తే 'వాకుడాకు' అని ఉంది. ఇంకో పుస్తకం 'ములక' అంటోంది. ఒక్క ఆకుకు మూడు పేర్లా? ఇదంతా విని వంటింట్లో జేజి నవ్వింది.

"మునగాకు పప్పులో ఏసుకోండి. దేవునికి ఏసేది ములకాకు."

"ములక యాడుంటాది జేజీ?"

"మా ఊర్లో ఉంటాది. కాళ్ల కిందనే ఉంటాది. సూసేవాళ్లు ల్యాక."

జేజి ఊరంటే గండికోటే. కోట గోడల మధ్యే ఆమె పుట్టిల్లు. మరైతే వెంటనే ఎందుకు బయల్దేరలేదంటే, అదీ జేజి లెక్కే. వానాకాలంలో పోతే నడుమెత్తు గడ్డిలో ఏం కనబడుతుంది? సంక్రాంతి దాటి, గడ్డి ఎండి నేల బయటపడ్డాక రావాలి. అప్పుడు అంతా ఎండిపోయి అదొక్కటే పచ్చగా మిగులుతుందట. వీధి చివర ఉండే బాటనీ మాస్టారికి ఈ సంగతి తెలిసింది. ఆయన రిటైరై చాలాకాలమైనా భూతద్దాన్ని మాత్రం రిటైర్ చేయలేదు. 'నేనూ వస్తా' అన్నాడు.

జమ్మలమడుగు నుంచి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట, ఆ గండిని ఆనుకుని కట్టారు కాబట్టి గండికోట అయింది. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఇక్కడికి వచ్చి, కోటను గెలిచిన మీర్ జుమ్లాను కలిశాడు. రాజులూ వ్యాపారులూ పోయారు. మాధవరాయ ఆలయ గోపురం, ధాన్యాగారం, చార్‌మినార్ అని ఊరివాళ్లు పిలుచుకునే పావురాల గోపురం మిగిలాయి. వీటి గురించి రాసినవాళ్లు బోలెడంతమంది. కూలిన గోడల సందుల్లో మొలిచిన వాటి గురించే రాసేవాళ్లు తక్కువ.

మొదటి మొక్క తప్పింది

మనవడికి పావుగంటలోనే దొరికింది. దారి పక్కన మోకాలెత్తు మొక్క. వంగపండు రంగు పువ్వు, మధ్యలో పసుప్పచ్చ ముద్ద. కాండం మీద ముళ్లు. ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. పేరు చెప్పే యాప్ క్షణంలో జవాబిచ్చింది... వంకాయ!

"వంకాయేంది సార్, కొండ మీద?" అని నిరాశపడ్డాడు.

మాస్టారు మాత్రం సంతోషపడ్డారు. యాప్ చెప్పింది పూర్తిగా తప్పేం కాదట. అది అడవి వంగ. మనం గుత్తొంకాయ చేసుకునే వంగకు పూర్వీకుల వరస. శాస్త్రం దానికి సొలానమ్ ఇన్సానమ్ అని పేరు పెట్టింది. ఆకు వంగాకులాగే ఉంటుంది, వేలితో రాస్తే మఖమల్ గుడ్డలా నూగు తగులుతుంది. కాయలు చిన్నవి, చేదు. పండితే పసుపు రంగుకు తిరుగుతాయి.

వంగ కుటుంబంలో మన వంటింటి వస్తువులు చాలా ఉన్నాయి. టమాటా, మిరప, బంగాళదుంప... ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చిన చుట్టాలు. వంగ ఒక్కటీ మన వైపు మొక్క. అందుకే 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయను కేంద్రం నిలిపివేసినప్పుడు జరిగిన చర్చలో ఈ అడవి చుట్టాల మాట కూడా వచ్చింది. చేలోని పంట పుప్పొడి, గట్టు మీది అడవి మొక్కకు సోకితే ఎలాగన్నది ఒక ప్రశ్న. గట్టు మీద ఏమేం మొలుస్తున్నాయో తెలిస్తే కదా ఆ ప్రశ్నకు అర్థం!

జేజి ఇవేవీ వినలేదు. మొక్క వైపు ఒక్కసారి చూసి, "ఇది నిలబడుండాది. నీకు కావాల్సింది పండుకోనుంటాది. రా" అని ముందుకు కదిలింది.

లక్షణ గ్రంథాలు పేజీలకు పేజీలు రాసే తేడాను ఆమె రెండు మాటల్లో తేల్చేసింది.

నేల మీద పరుచుకుని...

రాయలచెరువు వైపు కూలిన గోడ ఒకటుంది. దాని పక్కన బీడు. మేకల మంద ఒకటి ఎండుగడ్డి కొరుకుతూ పోతోంది. ఆ ఎండిన నేల మీద అక్కడక్కడా పళ్లెం బోర్లించినట్లు పచ్చటి గుబుర్లు. ఒక మేక దగ్గరకు వెళ్లి, మూతి చాపి, వెనక్కి తీసుకుని పక్కకు పోయింది.

"అదో! మేక సూపిచ్చింది సూడు" అంది జేజి.

మనవడు వంగబోయాడు. "వంగితే కనపడదురా అబ్బీ, కూర్చో ముందు" అంది. కూర్చున్నాడు. నేలములకను చూడాలంటే నిజంగానే కూర్చోవాలి. అది జానెడు ఎత్తు కూడా లేవదు. వేరు దగ్గర నుంచి కొమ్మలు నాలుగు దిక్కులకూ నేలను కరుచుకుని పాకుతాయి. ఆకు అంచులు నిండుగా ఉండవు, లోపలికి కోసుకుపోయి తమ్మెలు తమ్మెలుగా ఉంటాయి. ఇక ముళ్లా... ముల్లు లేని చోటేదని అడగాలి! కొమ్మ మీద, ఆకు కాడ మీద, ఆకు నడి ఈనె మీద, ఆకు వెనకాల, చివరకు పువ్వు తొడిమ మీద కూడా. ఒక్కొక్కటి దబ్బనంలా నిటారుగా, పసుప్పచ్చగా మెరుస్తూ ఉంటుంది. పెద్దవి అరంగుళం. సంస్కృతంలో దీన్ని కంటకారి అన్నారు. వ్యాఘ్రి అనే పేరు కూడా ఉంది... ఆడపులి! గోళ్లు చూసి పెట్టిన పేరు కాబోలు.

ఇంత కరుకు మొక్కకు పువ్వు మాత్రం ఎంత మెత్తన! అయిదు రేకులు కలిసిపోయి నక్షత్రంలా విచ్చుకుంటాయి. రంగు వంగపండుకూ నీలానికీ మధ్యన. నడుమ అయిదు పసుపు కేసరాలు ఒకదానికొకటి ఆనుకుని చిన్న శంకువులా నిలబడతాయి. మాస్టారు భూతద్దం పిల్లాడి చేతికిచ్చి కేసరాల చివర చూడమన్నారు. కాసేపు వెతికితే కనబడింది... సూదిమొనతో పొడిచినట్లు ఒక రంధ్రం.

"పుప్పొడి బయటికొచ్చే దారి అదొక్కటే" అన్నారాయన. "ఉప్పు సీసా మూత మీద చిల్లుల్లాగ. ఊరికే వంచితే రాలదు, కదపాల."

"ఎవరు కదుపుతారు సార్?"

జవాబు కోసం పది నిమిషాలు కాచుకోవాల్సి వచ్చింది. ఎండ కాస్త ఎక్కాక, నల్లగా బొద్దుగా ఓ తుమ్మెద ఝుమ్మంటూ వచ్చి పువ్వును పట్టుకుని వేలాడింది. బరువుకు పువ్వు కిందికి వంగింది. అప్పుడు తుమ్మెద శబ్దం మారింది. రెక్కలు ఆడుతున్నట్లు లేదు, కానీ సన్నగా, గట్టిగా గీమని మోత. ఒళ్లంతా అదిరిస్తూ కేసరాలను ఊపేస్తోంది. ఆ అదురుకు చిల్లుల్లోంచి పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. ఈ పువ్వులో తేనె ఉండదు. వచ్చే కూలికి పుప్పొడే దక్కేది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. తుమ్మెదకు, ఇంకొన్ని అడవి ఈగలకు వచ్చు. తుమ్మెద నాదం మీద మన కవులు ఎన్ని పద్యాలు చెప్పారో లెక్కలేదు గానీ, ఆ నాదంతో అది చేసే పని ఇది!

చెల్లెలు మాత్రం అప్పటికే ఇంకో చోట ఉంది. గుబురు అడుగున గోలీల్లాంటి కాయలు దొరికాయి దానికి. పచ్చివి ఆకుపచ్చ మీద తెల్ల చారలతో, బుల్లి పుచ్చకాయల్లా ఉన్నాయి. పండినవి నిమ్మపండు పసుపు. ముల్లు గుచ్చుకోకుండా ఒకదాన్ని ఎలాగో లాగింది. చారల కాయలను పక్కన పెట్టి పసుపు పండును పావడాకు తుడిచింది. నోటి దాకా వెళ్లింది...

"ఏయ్!"

అంత పెద్ద గొంతు జేజికి ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. మేకలు కూడా తలెత్తి చూశాయి. పిల్ల చేతిలోంచి పండు జారి కిందపడింది. జేజి దగ్గరకొచ్చి దాని వేళ్లు ఒక్కొక్కటీ చీర చెంగుతో తుడిచింది. తర్వాత సీసా నీళ్లు పోసి మళ్లీ కడిగింది. పండు చేదు కాబట్టి పిల్ల బహుశా ఉమ్మేసేదే. కానీ వంగ కుటుంబపు అడవి పండ్లలో ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఎన్ని తింటే కడుపులో తిప్పుతుందో, వాంతులవుతాయో చిన్న పిల్ల మీద పరీక్ష పెట్టలేం. అదే కుటుంబానికి చెందిన ఉమ్మెత్తకాయ అయితే ప్రాణం మీదికే వస్తుంది. తమాషా ఏమిటంటే చవితి పత్రిలో ఉమ్మెత్త కూడా ఉంది. దత్తూర పత్రం అంటే అదే. ఇరవై ఒక్కటిలో రెండు ఈ ఇంటివే. పూజ అయ్యాక పత్రి చిన్నపిల్లల చేతికి అందకుండా తీసేయడం మంచిది.

అమెరికా పేరు పెట్టుకున్న అచ్చమైన మన మొక్క

కాసేపటికి మనవడు మళ్లీ యాప్ తెరిచాడు. ఈసారి సరైన జవాబే వచ్చింది. సొలానమ్ వర్జీనియానమ్. చూడగానే వాడి మొహం ముడుచుకుంది.

"వర్జీనియా అంటే అమెరికా కదా సార్? అంటే ఇదీ మనది కాదా?"

మాస్టారు బండ మీద కూర్చుని చెప్పుకొచ్చారు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తనకు తెలిసిన మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టాడు. అప్పుడే దీనికి వర్జీనియా పేరు తగిలించాడు. కానీ ఇది వర్జీనియాలో పుట్టింది కాదు. మన దేశమూ, చుట్టుపక్కల దేశాలూ దీని సొంత నేల. ఆ తర్వాత ఇంకొకరు సూరత్ ఊరి పేరుతో సురాట్టెన్స్ అన్నారు. మరొకరు పసుపు పండును చూసి జాంథోకార్పమ్ అన్నారు. ఈ పేరు ఎంతో కొంత సబబు. ఆయుర్వేదం పుస్తకాల్లో ఇప్పటికీ ఈ రెండు పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. కానీ నామకరణం నియమం ప్రకారం ముందు పెట్టిన పేరుదే పెత్తనం. తప్పైనా సరే! అందుకే గండికోట బీట్లో పుట్టి పెరిగిన మొక్క అమెరికా పేరుతో చెలామణీ అవుతోంది.

లిన్నేయస్ అంతటివాడికే ఊరు తప్పింది. మరి పూజ పుస్తకం అచ్చువేసినవాళ్లు 'నేలములక'ను 'నేలమునగ' చేశారంటే ఏమనగలం? నిజానికి ఈ పొరపాటు ఎలా దొర్లి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గోదావరి జిల్లాల్లో మునగను ములగ అంటారు, మునక్కాడను ములక్కాడ అంటారు. ములకకూ ములగకూ ఒక్క అక్షరం తేడా. ఎవరో ఒకరు 'ములగ' అనుకుని, ఇంకాస్త శుద్ధంగా రాద్దామని 'మునగ' అని దిద్ది ఉంటారు. అచ్చులో ఒకసారి పడ్డాక ఇక పుస్తకం నుంచి పుస్తకానికి అదే. మునగకు ముల్లుండదు, వంగపండు పువ్వుండదు, నేల మీద పాకదు. ఒక్కసారి మొక్కను చూసిన మనిషి ఆ మాట రాయడు.

ముల్లు చూసి చెప్పు

అంతా అయిపోయిందనుకుంటే మాస్టారు అసలు ముడి విప్పారు. ఇప్పుడు చూసింది నేలములక, అంటే వాకుడు. వైద్యులు కంటకారి అనేది దీన్నే. మరి బృహతి? దశమూలాల జాబితాలో రెండూ వేర్వేరుగా ఉన్నాయి. మారేడు, నెల్లి, దుండిలం, కలిగొట్టు, గుమ్మడి టేకు... ఇవి పెద్ద చెట్లు. ముయ్యాకుపొన్న, కోలపొన్న, ములక, వాకుడు, పల్లేరు... ఇవి చిన్న మొక్కలు. ఇందులో ములక బృహతి. వాకుడు కంటకారి. అంటే ఈ రోజు వెతుకులాట సగమే అయింది!

"నేలములకైతే ఏమి, వట్టి ములకైతే ఏమి? రెండూ అక్కచెల్లెండ్లే" అంది జేజి.

"అక్కచెల్లెండ్లే తల్లీ, ఇద్దరూ ఒకటి కాదు గదా" అన్నారు మాస్టారు.

జేజి ఒప్పుకోలేదు. కాదనలేదు కూడా.

ములక కోట మీద దొరకలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొండ దిగి జమ్మలమడుగు దారిలో వస్తుంటే, ఓ చేను గట్టు దగ్గర జేజే ఆటో ఆపించింది. కంపచెట్ల నీడన నడుమెత్తు పొద. అదే పువ్వు. రంగు కాస్త లేత. గుత్తులు గుత్తులుగా ఉంది. ఆకు వెనక బూడిద నూగు. కాయలు బఠాణీ గింజంతే, కొన్ని పండి నారింజ రంగులో ఉన్నాయి. తేడా అంతా ముల్లులో ఉంది. నేలములక ముల్లు దబ్బనంలా నిటారుగా ఉంటుందా... దీని ముల్లు మొదట్లో వెడల్పుగా ఉండి, కొడవలి మొనలా వెనక్కి వంగి ఉంది. చొక్కా చేతికి తగిలితే నేలములక గుచ్చుతుంది, ములక పట్టుకుంటుంది. మనవడి చొక్కా అదే చెప్పింది. వదిలించుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది.

అదే గట్టు మీద మరో పదడుగుల దూరంలో ఇంకొకటి! అదే వంగపండు పువ్వు. ఇదైతే పాకనూ లేదు, నిలబడనూ లేదు. సర్కారు తుమ్మను పట్టుకుని పైకి ఎగబాకింది. ఆకులు నున్నగా, ఒక్కొక్కటి మూడు తమ్మెలుగా. ముళ్లు చిన్నవే, అన్నీ కొక్కేలే. పండ్లు ఎర్రన. ఇది ఉచ్చింత. ముళ్లముస్తె అని కూడా అంటారు. సరిహద్దు దాటి తమిళనాడులో తూదువళై అంటే తెలియని ఇల్లుండదు. దగ్గొస్తే ఆ ఆకుతో చారు పెడతారు, పచ్చడి నూరతారు. జేజి దీన్ని చూడగానే మిగతా రెండింటినీ మర్చిపోయింది. ముళ్లు గీకేసి, లేతాకు తుంచి, నూనెలో వేయించి... ఎట్లా చేసేవాళ్లో చెబుతూ చెంగులో నాలుగు రెమ్మలు వేసుకుంది.

మాస్టారు పిల్లాడి నోటు పుస్తకంలో ఒక్క పేజీ రాయించారు. పాకితే నేలములక, పండు పసుపు. నిలబడితే ములక, పండు నారింజ. ఎగబాకితే ఉచ్చింత, పండు ఎరుపు. పువ్వును నమ్ముకుంటే మాత్రం మోసపోతారు. నాలుగింటి పువ్వూ ఒక్కటే. పువ్వు తెల్లగా ఉంటే సాధారణంగా ఇంకో మొక్క అని అర్థం... కామంచి కావచ్చు, పులుసులో వేసే ఉస్తికాయ కావచ్చు. నేలములకలోనే అరుదుగా తెల్ల పువ్వులది ఉంటుంది. శ్వేత కంటకారి అంటూ వైద్యులు దాన్ని వేరుగా చూస్తారు.

ఇంకొక మొక్క ఫొటో కూడా ఆయన ఫోన్లో చూపించారు. అదీ వంగపండు పువ్వే, పసుపు పండే. కానీ ఆకు వెండి రేకులా తెల్లగా మెరుస్తుంది. నిజంగా అమెరికా నుంచి వచ్చింది ఇది. తమిళనాడు చేలల్లో పాతుకుపోయింది. నాగలికి తెగిన వేరు ముక్క ప్రతిదీ మళ్లీ మొలుస్తుంది కాబట్టి దాన్ని వదిలించుకోవడం రైతుకు తలకు మించిన పని. "దీన్ని చూసి మన ములకే గదా అనుకొని వదిలేస్తే చేను పోతుంది. మన ములకను చూసి ఇది అనుకుంటే మందు పోతుంది" అన్నారు.

పన్ను పురుగు

రాయలసీమ పల్లెల్లో నేలములకకు ఇంకో పని కూడా ఉండేది. పిప్పిపన్ను నొప్పికి ఎండిన పండ్ల గింజలను నిప్పుల మీద వేసి, ఆ పొగను నోటికి పట్టించేవాళ్లు. తర్వాత పళ్లెంలో నీళ్లు చూపించి 'ఇదిగో పురుగు పడింది' అనేవాళ్లు. జేజి చిన్నప్పుడు తన మేనత్త దగ్గర అలా పొగ పట్టించుకుందట. నొప్పి తగ్గిందా అంటే తగ్గిందంటుంది. పురుగు చూశావా అంటే, చూశానంటుంది. పంటిలో పురుగుండదని, పన్ను పుచ్చేది కంటికి కనపడని సూక్ష్మజీవుల వల్లనని మనవడు ఆటోలో ఆమెకు పాఠం చెప్పాడు.

"మరి పడిందేందిరా?"

"గింజే అయ్యుంటాది జేజీ. వేడికి పగిలి లోపలి తెల్లటి మొలక..."

జేజి కాసేపు ఆలోచించింది. "అయితే మా అత్త పురుగని ఎందుకు చెప్పింది?" అంది. దానికి బైపీసీలో జవాబు లేదు.

దగ్గుకు మాత్రం కంటకారి వాడకం కాకమ్మ కబురు కాదు. ఆయుర్వేదంలో దగ్గు, ఆయాసం మందుల్లో అది ముందు వరసలో ఉంటుంది. అందుకే ఈ గుర్తుపట్టడం అనే పని పూజతో ఆగదు. ఎండబెట్టి మూటకట్టాక ములక వేరు ఏదో వాకుడు వేరు ఏదో కంటితో చెప్పడం మాస్టారు లాంటివాళ్లకే కష్టం. పచ్చి మొక్క దగ్గరే తేలాలి. తవ్వేవాడికి తెలిసి ఉండాలి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పెరటిలో ఉన్న చెట్టు ఏదో తెలియకపోతే మరీ పనికిరాదు!

కొట్టేసే ముందు

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఒక విషయం మీద మాట పెరిగింది. 2024లో కేంద్రం పర్యాటకానికి ఆమోదించిన ప్రాజెక్టుల్లో గండికోట కూడా ఉంది. రోడ్లు బాగుపడతాయి, నీడ వస్తుంది, ఊళ్లో పదిమందికి పని దొరుకుతుంది. కాదనేవాళ్లెవరు? అయితే ఎక్కడైనా బాగుచేయడం అంటే ముందుగా చేసే పని పిచ్చిమొక్కలు కొట్టేయడమే. నేలములకకు కావాల్సిందే ఎవరికీ పట్టని చోటు... కూలిన గోడ పక్కన, బీడులో, బాట అంచున. పచ్చిక పరిచిన పార్కులో అది బతకదు. బతికినా ముల్లు గుచ్చుకుంటుందని తోటమాలి ఉంచడు. అతని తప్పు కూడా కాదు.

"మన పెరట్లో వేద్దాం జేజీ" అంది చెల్లెలు. పొద్దున తిన్న తిట్లు మర్చిపోయింది.

"నువ్వుండే ఇంట్లోనా!" అంది జేజి.

మాస్టారు మధ్యే మార్గం చెప్పారు. మేడ మీద, పిల్లకు అందని మూల, పాత బక్కెట్లో. నాలుగు పండిన పండ్లు కాగితంలో పొట్లం కట్టి తెచ్చారు కూడా. గింజలు పండుకు బోలెడు. మొలిచినా మొలుస్తాయి. లేకున్నా ఉండనే ఉంది, కోట.

మనవడు నోటు పుస్తకంలో రాసుకున్నది వేరే. 'రాయలచెరువు వైపు, కూలిన గోడ, పెద్ద బండకు ఎడమ పక్క, మూడు గుబుర్లు' అని గుర్తులు వేసుకున్నాడు. చవితి నాటికి గడ్డి మళ్లీ కమ్మేస్తుంది కదా, ఎలా కనుక్కుంటావని తండ్రి అడిగాడు రాత్రి.

"చెప్పుల్లేకుండా నడిస్తే అదే చెప్తాది" అంది జేజి, వేయించిన ఉచ్చింతాకు వాడి కంచంలో వేస్తూ. ఇక బృహతి పేరుతో వేయాల్సింది ములకాకా, వాకుడాకా అనేది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. వచ్చే చవితికి రెండూ తెస్తానంటున్నాడు.